ప్రశ్న–జవాబు: జీవపరిణామ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో జీవశాస్త్రం డిగ్రీలో కొత్తగా చేరిన విద్యార్థులు రాసినవే ఎక్కువ. చాలా ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నందువల్ల అయిదింటిని మాత్రమే ఎంచుకున్నాను. మొదటి రెండింటి మీద మిగిలినవన్నీ ఆధారపడి ఉన్నాయి కాబట్టి వాటికి విపులంగా సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: నేను బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. లామార్క్ వాదం (వాడకం వల్ల ప్రాణిలో వచ్చిన మార్పులు పిల్లలకు సంక్రమిస్తాయన్నది), డార్విన్ వాదం, వాటి మీద వచ్చిన విమర్శలు అన్నీ పరీక్షలో రాయగలను. మార్కులు కూడా బాగానే వచ్చాయి. అయితే మొన్న తరగతిలో మా అధ్యాపకురాలు "యాంటీబయాటిక్ మందుకు బ్యాక్టీరియా అలవాటు పడుతుందా?" అని అడిగితే, పడుతుందని జవాబు చెప్పాను. అది డార్విన్ విద్యార్థి చెప్పవలసిన జవాబు కాదని ఆమె అన్నారు. ఎందుకు కాదో నాకు ఇప్పటికీ పూర్తిగా బోధపడలేదు. అసలు ఈ సబ్జెక్టును ఎక్కడి నుంచి చదువుకుంటూ రావాలి?

జవాబు: మీ అధ్యాపకురాలు అడిగిన ప్రశ్న నుంచే మొదలుపెట్టండి. అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. "అలవాటు పడింది" అన్న మాటకు కర్త ఎవరో ముందుగా తేల్చుకోవాలి. మందు తగిలిన ఒకానొక బ్యాక్టీరియా కణమా, లేక కోట్ల కణాలున్న సమూహమా? మందును తట్టుకోలేని కణం మందు తగిలితే చనిపోతుంది, అది నేర్చుకునేది ఏమీ ఉండదు. అయితే ఆ కోట్ల కణాలలో, మందు రాకముందే, డీఎన్ఏ నకలు తీసుకునేటప్పుడు జరిగిన ఏదో ఒక పొరపాటు (ఉత్పరివర్తనం) వల్ల మందును తట్టుకోగలిగే కణాలు కొన్ని ఉండవచ్చు. మిగిలినవి చచ్చిపోయాక ఆ కొన్నే విభజన చెంది చోటంతా ఆక్రమిస్తాయి. వారం తరువాత చూసినవారికి బ్యాక్టీరియా "మారిపోయింది" అనిపిస్తుంది. నిజానికి మారింది ఏ కణమూ కాదు, సమూహంలో ఏ రకం కణాలు ఎంత వంతు ఉన్నాయన్నదే మారింది. బ్యాక్టీరియాలు నిరోధక జన్యువులను ఒకదాని నుంచి ఒకటి అందుకోగలవన్న మాట కూడా నిజమే. కానీ అక్కడ కూడా ఆ జన్యువు మందు అవసరాన్ని చూసి పుట్టినది కాదు.

ఈ మాట నమ్మకం మీద ఒప్పుకోనక్కరలేదు. 1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రూక్ దీనిని ప్రయోగంతో తేల్చారు. వారు వాడినది మందు కాదు, బ్యాక్టీరియాలను చంపే ఒక వైరస్. చాలా గొట్టాలలో కొద్దికొద్ది బ్యాక్టీరియాలను వేసి, వాటిని విడివిడిగా పెరగనిచ్చి, తరువాత ఒక్కొక్క గొట్టంలోని వాటిని వైరస్ పూసిన పళ్లేల మీద పరిచి, ఎన్ని బతికి గుంపులు కట్టాయో లెక్కపెట్టారు. నిరోధక శక్తి వైరస్ తగిలిన తరువాతే పుట్టేటట్లయితే ప్రతి కణానికీ అవకాశం ఒకటే కనుక అన్ని గొట్టాల లెక్కా దాదాపు సమానంగా రావాలి. అలా కాక, వైరస్ తగలకముందే, పెరిగే దశలో ఎప్పుడో యాదృచ్ఛికంగా ఉత్పరివర్తనం జరిగి ఉంటే లెక్కలు విపరీతంగా తేడాగా రావాలి. ఎందుకంటే ఉత్పరివర్తనం తొలి విభజనలలోనే జరిగిన గొట్టంలో దాని సంతతి వందల సంఖ్యలో ఉంటుంది, ఆలస్యంగా జరిగిన గొట్టంలో ఒకటో రెండో ఉంటాయి, జరగని గొట్టంలో అసలే ఉండవు. వారికి కనిపించింది ఈ రెండవ పద్ధతే. ఈ ప్రయోగాన్ని కాగితం మీద బొమ్మ వేసుకుని ఒకసారి మీకు మీరే వివరించుకోండి. నా దృష్టిలో డిగ్రీ విద్యార్థి నేర్చుకోవలసిన ప్రయోగాలలో దీనికంటే అందమైనది మరొకటి లేదు.

కంటికి కనిపించే ప్రాణులలోనూ ఇదే జరుగుతుంది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు గాలపాగోస్ దీవులలోని డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో 1973 నుంచి ఫించ్ పక్షులను పట్టి, కాళ్లకు గుర్తులు తొడిగి, ముక్కులను కొలుస్తూ వచ్చారు. 1977లో వానలు పడలేదు. మెత్తని చిన్న గింజలు త్వరగా అయిపోయి, పెద్ద గట్టి గింజలే మిగిలాయి. మధ్యరకం నేల ఫించ్‌లలో ఎక్కువ భాగం చనిపోగా, మందమైన ముక్కు ఉన్నవి ఎక్కువగా బతికి బయటపడ్డాయి. ముక్కు మందం సగటు సుమారు అర మిల్లీమీటరు పెరిగింది. ఏ ఒక్క పక్షి ముక్కూ కరువు వల్ల లావెక్కలేదు. ముక్కు మందం వంశపారంపర్యంగా వచ్చే లక్షణం కనుక తరువాత పుట్టిన పిల్లల ముక్కులు కూడా వెనుకటి తరంకంటే మందంగా ఉన్నాయి. కొన్నేళ్లకు భారీ వర్షాలు కురిసి చిన్న గింజలు సమృద్ధిగా దొరికే రోజులు వచ్చినప్పుడు ఎంపిక దిశ తిరగబడింది, చిన్న ముక్కులవాటికి మేలు కలిగింది. "పరిణామం అంటే పురోగతి" అని ఎవరైనా అంటే ఈ ఉదాహరణ గుర్తుచేసుకోండి.

కాబట్టి ఏ ఉదాహరణ చదివినా మూడు సంగతులు వెతకండి. సమూహంలోని ప్రాణుల మధ్య తేడాలు ఉన్నాయా? ఆ తేడాలు పిల్లలకు సంక్రమిస్తాయా? ఆ తేడాను బట్టి కొన్నింటికి ఎక్కువ సంతానం, కొన్నింటికి తక్కువ సంతానం కలుగుతున్నదా? మూడూ ఉంటే ప్రకృతి వరణం జరిగి తీరుతుంది, మరే శక్తీ అవసరం లేదు. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా జరగదు.

ఇంకొక సలహా కూడా చెబుతాను, ఇది మన భాషకు సంబంధించినది. "ఎత్తైన ఆకులను అందుకోవడం కోసం జిరాఫీ మెడ పొడవైంది" అని మన నోట్సులలో అలవాటుగా రాస్తాం. ఆ "కోసం" అన్న మాటలోనే పొరపాటు దాగి ఉంది, ఎందుకంటే అది ఫలితాన్ని కారణంగా మార్చేస్తుంది. మీ నోట్సులో "కోసం" ఉన్న ప్రతి వాక్యాన్నీ ఆ మాట లేకుండా తిరిగి రాయండి. "మెడ పొడవులో తేడాలున్న జిరాఫీలలో, పొడవు ఎక్కువ ఉన్నవాటికి సంతానం ఎక్కువగా మిగిలింది" అని రాసేసరికి సమూహం, తేడా, సంతానం మూడూ వాక్యంలోకి వచ్చి తీరుతాయి. నెల రోజులు ఇలా రాస్తే ఆలోచన కూడా దానంతట అదే మారుతుంది. పాఠ్యపుస్తకాలు లామార్క్‌ను, డార్విన్‌ను బద్ధశత్రువులుగా నిలబెడతాయి గానీ, అవయవాల వాడకం వల్ల వచ్చిన మార్పులు కొంతవరకు సంక్రమిస్తాయని డార్విన్ కూడా నమ్మాడు. మెండెల్ వ్యాసం 1866లోనే అచ్చయినా ఆ అనువంశికత డార్విన్‌కు అందలేదు. కాబట్టి పేర్ల పట్టికకంటే వాదాల లోపలి తర్కాన్ని పట్టుకోవడమే మేలు.

ప్రశ్న: హార్డీ–వైన్‌బర్గ్ సూత్రం వర్తించాలంటే సమూహం చాలా పెద్దదై ఉండాలి, ఉత్పరివర్తనాలు ఉండకూడదు, వలసలు ఉండకూడదు, ప్రకృతి వరణం ఉండకూడదు, జత కట్టడం యాదృచ్ఛికంగా జరగాలి అని మాకు చెప్పారు. ఇవన్నీ కుదిరే సమూహం ప్రపంచంలో ఎక్కడా ఉండదు కదా? లేని సమూహానికి సూత్రం ఎందుకు? పైగా నేను లెక్కలంటే భయపడి జీవశాస్త్రం తీసుకున్నాను.

జవాబు: ఈ సూత్రం ఏ సందేహానికి జవాబుగా పుట్టిందో తెలిస్తే దాని అవసరం తెలుస్తుంది. 1900లో మెండెల్ సూత్రాలు మళ్లీ వెలుగులోకి వచ్చిన తరువాత కొందరికి ఒక అనుమానం వచ్చింది: బహిర్గత లక్షణం అంతర్గత లక్షణాన్ని కప్పివేస్తుంది కనుక, కాలం గడిచేకొద్దీ బహిర్గత లక్షణం ఉన్నవారు నాలుగింట మూడు వంతులకు చేరాలి కదా అని. బ్రిటన్ గణితవేత్త జి.హెచ్. హార్డీ, జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ వైన్‌బర్గ్ 1908లో వేర్వేరుగా దీనికి జవాబు చెప్పారు. బహిర్గతమైనంత మాత్రాన ఏ యుగ్మవికల్పమూ (అల్లీల్, అంటే ఒకే జన్యువుకున్న వేర్వేరు రూపాలలో ఒకటి) పెరగదు. ఏ ఒత్తిడీ లేకపోతే అల్లీళ్ల నిష్పత్తి తరతరాలకూ ఉన్నచోటే ఉంటుంది. అంటే ఇది ఏమీ జరగనప్పుడు ఎలా ఉంటుందో చెప్పే కొలబద్ద. ఏదైనా జరిగిందో లేదో తెలుసుకోవాలంటే మొదట ఈ కొలబద్ద చేతిలో ఉండాలి.

లెక్క చేసి చూద్దాం, కూడిక, గుణకారం తప్ప ఇందులో మరేమీ లేదు. వెయ్యి ప్రాణులున్న ఒక సమూహంలో పెద్ద ఏ (A) అల్లీల్ జంటగా ఉన్నవి 450, పెద్ద ఏ, చిన్న ఏ (a) కలిసి ఉన్నవి 300, చిన్న ఏ జంటగా ఉన్నవి 250 అనుకోండి. ఒక్కొక్క ప్రాణిలో రెండు ప్రతులు కాబట్టి మొత్తం ప్రతులు 2,000. వాటిలో పెద్ద ఏ ప్రతులు 900కు 300 కలిపితే 1,200, అంటే 0.6. చిన్న ఏ వంతు 0.4. యాదృచ్ఛికంగా జతలు కట్టి ఉంటే మొదటి రకం 0.6ను 0.6తో గుణిస్తే వచ్చే 0.36 వంతు, అంటే 360 ఉండాలి. విషమయుగ్మజాలు (రెండు రకాల ప్రతులూ కలిసి ఉన్నవి) 480, మూడవ రకం 160 ఉండాలి. మనకు కనిపించిన విషమయుగ్మజాలు 300 మాత్రమే. కై-వర్గ పరీక్ష (రావలసిన లెక్కకూ కనిపించిన లెక్కకూ ఉన్న తేడాను కొలిచే పద్ధతి) చేస్తే విలువ 140 దాటుతుంది. అయిదు శాతం స్థాయిలో ఇక్కడ హద్దు 3.84 కనుక ఇది కాకతాళీయమైన తేడా కాదు, ఏదో జరుగుతోంది. దగ్గరి బంధువుల మధ్య జతలు కట్టడం కావచ్చు, లేదా మనం ఒకే సమూహం అనుకున్నది నిజానికి కలవని రెండు సమూహాలు కావచ్చు. సూత్రం ఏం జరుగుతోందో చెప్పదు, ఎక్కడ వెతకాలో మాత్రం చూపిస్తుంది. విషమయుగ్మజాలు తక్కువగా కనబడగానే "ప్రకృతి వరణం" అని రాసేయడం విద్యార్థులు తరచుగా చేసే తప్పు.

ఇంకొక లెక్క కూడా చేయమని కోరుతున్నాను, అది చేసినవారు దాన్ని మరచిపోరు. ఒక అంతర్గత అల్లీల్ రెండు ప్రతులు ఉన్న ప్రాణి సంతానం కనకుండానే చనిపోతుందనుకోండి. దాని వంతు ఈ తరంలో ఎంతో, దానిని ఒకటి కలిపిన అదే సంఖ్యతో భాగిస్తే తరువాతి తరంలోని వంతు వస్తుంది. కాబట్టి వంతు సగం ఉన్నప్పుడు వరుసగా మూడవ వంతు, నాలుగవ వంతు అవుతుంది. సగం నుంచి పావుకు తగ్గడానికి రెండు తరాలు చాలు. అయితే నూరవ వంతు నుంచి రెండు వందలవ వంతుకు తగ్గడానికి ఎన్ని తరాలు కావాలి? సరిగ్గా నూరు. ఎందుకంటే అల్లీల్ వంతు నూరవ వంతు ఉన్నప్పుడు పదివేల మందిలో రోగం కనిపించేవారు ఒక్కరే, మోసుకుంటూ ఆరోగ్యంగా ఉండేవారు 198 మంది. అల్లీల్ ప్రతులు దాదాపు అన్నీ వరణానికి కనబడకుండా విషమయుగ్మజాలలోనే దాగి ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో "జాతిని మెరుగుపరుస్తాం" అంటూ కొన్ని దేశాలు మనుషులకు బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయించాయి. అది ఎలా చూసినా ఘోరమైన అన్యాయమే. తమది విజ్ఞానశాస్త్రమని వారు చెప్పుకున్నారు గనుక, ఆ శాస్త్రం ప్రకారం కూడా అది తప్పుడు లెక్కేనని జీవశాస్త్ర విద్యార్థి చేసి చూపగలగాలి.

విషమయుగ్మజాలకే మేలు కలిగే సందర్భం కూడా ఉంది. రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రొటీన్ బీటా గొలుసులో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం బదులు వాలీన్ చేరడం వల్ల కొడవలి కణ వ్యాధి (సికిల్ సెల్) వస్తుంది. రెండు ప్రతులు ఉన్నవారికి తీవ్రమైన జబ్బు చేస్తుంది. ఒక్క ప్రతి ఉన్నవారికి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని ఆంథొనీ ఆలిసన్ 1954లో చూపించాడు. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో ఆ అల్లీల్ ఎందుకు అంతరించిపోలేదో దీనితో అర్థమవుతుంది.

ప్రశ్న: "కోతుల నుంచి మనుషులు పుడితే కోతులు ఇంకా ఎందుకు ఉన్నాయి?" అని మా పెదనాన్నగారు అడిగారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆయనను నొప్పించకుండా ఎలా చెప్పాలి?

జవాబు: పెదనాన్నగారిని ఒక ఎదురు ప్రశ్న అడగండి: "మీరూ మీ చిన్నాన్న పిల్లలూ ఒకే తాతగారి మనుమలు కదా, మీరు పుట్టారని వారు లేకుండా పోలేదు కదా?" అని. ఇప్పుడున్న కోతులు మన పూర్వీకులు కావు, మనకు దాయాదులు. చింపాంజీలకూ మనకూ ఉమ్మడి పూర్వీకులైన ప్రాణులు సుమారు 60–70 లక్షల ఏళ్ల కిందట జీవించాయి. అవి నేటి చింపాంజీలూ కావు, నేటి మనుషులూ కావు. ఆ తరువాత రెండు శాఖలూ అన్నేళ్లుగానే మారుతూ వచ్చాయి.

మీ కోసం మరికొంత. డార్విన్ 1859 నాటి 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' గ్రంథంలో వేసిన బొమ్మ ఒకే ఒక్కటి, అది కొమ్మలు చీలుతూ పోయే వృక్షం. మన పాఠ్యపుస్తకాల అట్టల మీద కనిపించే, వంగిన కోతి క్రమంగా నిటారుగా నిలబడే వరుస బొమ్మ ఆ వృక్షాన్ని నిచ్చెనగా మార్చి చూపిస్తుంది. నిచ్చెన అనుకుంటే పైమెట్టు, కిందమెట్టు వస్తాయి, "మీదికి వచ్చాక కింద ఎందుకు మిగిలారు" అన్న ప్రశ్న పుడుతుంది. ఇలా జీవుల బంధుత్వాన్ని చూపే వర్గవికాస వృక్షాన్ని చదివేటప్పుడు కొమ్మల చివర్లలో ఎవరి పక్కన ఎవరున్నారో చూడకండి, చీలిన చోట్లను చూడండి. ఏ చీలిక దగ్గరైనా రెండు కొమ్మలను అటూ ఇటూ తిప్పినా బంధుత్వం మారదు. ఇద్దరి ఉమ్మడి చీలిక ఎంత ఇటీవలిదైతే వారు అంత దగ్గరి బంధువులు. ఈ లెక్కన మొసలికి బల్లికంటే పక్షి దగ్గరి చుట్టం. ఆకారం చూసి ఆ మాట ఎవరూ ఊహించలేరు.

శిలాజాలనూ ఇదే దృష్టితో చూడాలి. చేపలకూ నాలుగు కాళ్ల జంతువులకూ నడుమ లక్షణాలున్న ప్రాణి ఏ వయసు రాళ్లలో దొరకవచ్చో ముందే అంచనా వేసుకుని, కెనడా ఉత్తర ధ్రువ ప్రాంతంలోని ఎల్స్‌మియర్ దీవిలో వెతికిన శాస్త్రవేత్తలకు 2004లో టిక్టాలిక్ దొరికింది. దాని వయసు సుమారు 37 కోట్ల 50 లక్షల ఏళ్లు. అయితే నాలుగు కాళ్ల జంతువులవని చెప్పే అంతకంటే పాత అడుగుజాడలు పోలండ్‌లో దొరికినట్లు 2010లో ప్రకటించారు. కాబట్టి టిక్టాలిక్‌ను మన నేరుగా వచ్చిన ముత్తాత అనకూడదు, ఆ మార్పు ఎలాంటి దశల గుండా సాగిందో చూపే దాయాది అనాలి. మీ పెదనాన్నగారు నిదర్శనం అడిగితే క్రోమోజోముల సంగతి చెప్పండి. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లకు 48 క్రోమోజోములు, మనకు 46. మన రెండవ క్రోమోజోము, వాటిలో విడివిడిగా ఉన్న రెండు క్రోమోజోములు కొనకు కొన అతుక్కోగా ఏర్పడింది. మామూలుగా కొనలలోనే ఉండే డీఎన్ఏ వరుసలు దాని మధ్యలో అతుకు దగ్గర కనిపిస్తాయి, రెండవ సెంట్రోమియర్ (ప్రతి క్రోమోజోముకూ మామూలుగా ఒకటే ఉండే నొక్కు భాగం) అవశేషం కూడా ఉంది.

ప్రశ్న: ప్రతి లక్షణమూ ఏదో ఒక ప్రయోజనం ఉండబట్టే నిలిచి ఉంటుంది కదా? అలాంటప్పుడు జన్యు విస్థాపనం (అల్లీళ్ల వంతులు కేవలం యాదృచ్ఛికంగా మారడం) గురించి ప్రత్యేకంగా చదవడం ఎందుకు?

జవాబు: ఉండదు. మనకు విటమిన్ సి తయారుచేసుకునే శక్తి లేదు. దానికి కావలసిన చివరి ఎంజైము జన్యువు మనలోనూ, కోతులలోనూ చెడిపోయి శిథిలంగా మిగిలి ఉంది. పండ్లు, ఆకులు తినే పూర్వీకులకు ఆ నష్టం తెలియలేదన్నది సమంజసమైన వివరణ. గినీ పందులలోనూ అదే జన్యువు చెడింది, కానీ వేరే మార్పుల వల్ల, వేరుగా చెడింది. ఈ శిథిలానికి ప్రయోజనం వెతకడం కంటే ఇది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వెతకడం ఫలవంతం.

విస్థాపనం తెలియాలంటే ఒక నాణెం తీసుకుని కూర్చోండి. పది ప్రాణుల సమూహంలో 20 ప్రతులు, వాటిలో పది ఒక రకం, పది మరొక రకం. 20 సార్లు నాణెం ఎగరవేసి బొమ్మలు ఎన్ని పడ్డాయో అదే తరువాతి తరం వంతు అనుకోండి. పన్నెండు పడితే మళ్లీ వేసేటప్పుడు అవకాశం 20లో 12 కావాలి కనుక, అక్కడి నుంచి నాణెం బదులు ఒక సంచిలో రెండు రంగుల పూసలు పెట్టుకుని, తీసినదాన్ని మళ్లీ వేస్తూ కొనసాగించండి. కొన్ని పదుల తరాలలో ఏదో ఒక రంగు పూర్తిగా మాయమవుతుంది. ఎవరికీ మేలు లేదు, కీడు లేదు, అయినా పరిణామం జరిగింది. ఇంత చిన్న సమూహంలో జన్యు వైవిధ్యం సగటున తరానికి అయిదు శాతం చొప్పున తరిగిపోతుంది. అంతరించిపోతున్న జంతువులను కాపాడేవారికి ఇది పుస్తకంలో సంగతి కాదు, రోజూ ఎదురయ్యే భయం.

1968లో జపాన్ జన్యుశాస్త్రవేత్త మోటో కిమురా ఈ ఆలోచనను అణుస్థాయికి తీసుకువెళ్లాడు. అందులోని ఒక చిన్న లెక్క చూడండి. సమూహం ఎంత పెద్దదైతే అన్ని ఎక్కువ కొత్త ఉత్పరివర్తనాలు పుడతాయి, కానీ ఒక్కొక్కటి సమూహమంతా వ్యాపించే అవకాశం అంతగా తగ్గుతుంది. పెరుగుదల, తగ్గుదల ఒకదానినొకటి సరిగ్గా కొట్టివేస్తాయి. అందువల్ల లాభనష్టాలు లేని మార్పులు జాతిలో స్థిరపడే వేగం ఉత్పరివర్తనాల వేగానికి సమానం, సమూహం పరిమాణంతో పనిలేదు. డీఎన్ఏ తేడాలను లెక్కపెట్టి రెండు జాతులు ఎప్పుడు విడిపోయాయో అంచనా వేసే పద్ధతికి పునాది ఇదే. నేను మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

ప్రశ్న: డార్విన్ గ్రంథాన్ని డిగ్రీ విద్యార్థులు చదవవచ్చా? ముందు ఏది, తరువాత ఏది చదవాలి?

జవాబు: తప్పకుండా చదవవచ్చు. అయితే 1872 నాటి ఆరవ ముద్రణ కాకుండా 1859 నాటి మొదటి ముద్రణ వెతకండి. విమర్శకులకు సమాధానాలు చేర్చుకుంటూ పోవడంతో తరువాతి ముద్రణలలో వాదన ధార కొంత పలచబడింది. మొదటి, మూడవ, నాలుగవ అధ్యాయాలతో మొదలుపెట్టి, తన సిద్ధాంతానికి ఎదురయ్యే ఇబ్బందులను తానే వరుసగా చెప్పుకున్న ఆరవ అధ్యాయానికి వెళ్లండి. దానికి ముందు మెండెల్ అనువంశికత గట్టిగా రావాలి, అది రాకుండా పై లెక్కలు పట్టుబడవు. తరువాత సమూహ జన్యుశాస్త్రం, ఆ తరువాత వర్గవికాస వృక్షాలు, చివరగా కొత్త జాతులు ఎలా ఏర్పడతాయన్న పాఠం చదవండి. శిలాజాల యుగాల పట్టికను మొదటే బట్టీ పట్టవద్దు. వృక్షం చదవడం వచ్చాక ఆ తేదీలు దేనికి కావాలో తెలుస్తుంది, అప్పుడు వాటంతట అవే గుర్తుంటాయి.